రోజుకి మూడు ప్రశ్నలు

"ముద్దపప్పులో ఆవకాయ కలుపుకుంటావా, ఆవకాయలో ముద్దపప్పు కలుపుకుంటావా?"

ఆవిడ నన్ను అడిగిన మొట్టమొదటి ప్రశ్న ఇది. అంతకు రెండు నిమిషాల ముందు "సారీ, ఐడీ తప్పు కొట్టినట్టున్నాను" అని మెసేజ్ వచ్చింది. పర్లేదన్నాను. పొరపాటునైనా తలుపు తట్టాను కాబట్టి ఒక్క ప్రశ్న అడిగి పోతానంటూ ఇది అడిగింది. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుకునే రోజులవి, చదవడానికే సగం టైము పట్టేది. నేను ఆవకాయలోనే పప్పు కలుపుతానని, కలిపాక పప్పు ఎక్కడుందో వెతుక్కోవాలని జవాబు కొట్టాను. అయితే మనిద్దరిదీ ఒకటే విస్తరి అంది. ఆవిడ పోలేదు, నేనూ లేవలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. నాకు ఇరవై రెండేళ్ళు. డిగ్రీ అయిపోయి, హనుమాన్ జంక్షన్ నుంచి రోజూ బస్సెక్కి బెజవాడ వెళ్ళి కంప్యూటర్ కోర్సు చేస్తున్నాను. ఇన్‌స్టిట్యూట్ మేడమీద, నెట్ సెంటర్ కింద. క్లాసు అయ్యాక బస్సుకి గంట టైముండేది, ఆ గంట అక్కడ గడిపేదాన్ని. చాట్‌లోకి వెళ్తే ప్రతివాడూ అడిగేది వయసెంత, ఆడా మగా, ఏ ఊరు. ఆడ అని కొట్టిన పాపానికి ఈగల్లా ముసిరేవాళ్ళు. వాళ్ళతో వేగి వేగి విసుగెత్తి ఉన్నాను. అలాంటప్పుడు ఒక మనిషి వచ్చి ఆవకాయ గురించి అడిగితే ప్రాణం లేచొచ్చినట్టయింది.

ఆట నియమాలు ఆవిడే పెట్టింది. రోజుకి మూడు ప్రశ్నలు. అడిగినవాళ్ళు ముందు తమ జవాబు చెప్పాలి. అబద్ధం ఆడకూడదు. పేరూ ఊరూ చెప్పుకోకూడదు, చెప్పుకుంటే ఎవరింటి పిల్లవి, ఎవరికేమవుతావు అని తవ్వుకుంటూ పోతాం, ఆట చెడిపోతుంది అంది. ఎంత తెలివైన మాటో అని మురిసిపోయాను. నా మొహం. తనకి పెళ్ళయిందని, ఇంట్లోనే కంప్యూటర్ ఉందని, నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దని మాత్రం చెప్పింది. నేను అక్కా అని పిలవడం మొదలుపెట్టాను.

ఆ ప్రశ్నలు నాకిప్పటికీ చాలా గుర్తున్నాయి. బస్సులో కిటికీ సీటు దొరికింది, ఎక్కిన ముసలమ్మ కడుపులో తిప్పుతోంది, కిటికీ ఇవ్వమ్మా అంది, ఇస్తావా? ఇవ్వను, నిమ్మకాయ ఇస్తాను అన్నాను. మీ అమ్మ వండేవాటిలో అస్సలు బాగోకపోయినా బాగుందని తినేది ఏది? మెంతికూర పప్పు. దేవుడు ప్రత్యక్షమై మీ చుట్టాల్లో ఒక్కర్ని మాయం చేస్తానంటే ఎవరి పేరు చెప్తావు? మా మేనత్త అని క్షణం ఆలోచించకుండా కొట్టాను. మేనత్త మా ఇంటికొస్తే డబ్బాల మూతలు తీసి ఏ సరుకు ఎంతుందో చూస్తుంది. ఆ సంగతి చెప్తే అక్క ఇంట్లో ఒక్కతే పడిపడి నవ్వుతున్నానని కొట్టింది. తను మాయం చేసేది వాళ్ళ తోటికోడల్నట.

పొద్దున్న ఎవరైనా లేపితే లేస్తావా, నీ అంతట నువ్వే లేస్తావా? కోపం వస్తే గిన్నెలు విసురుతావా, అన్నం మానేస్తావా? ఒకేరోజు ఇంటికి పదిమంది భోజనానికి వస్తే ముందు ఏ గిన్నె పొయ్యి మీద పెడతావు? ఇవీ అడిగింది. అన్నిటికీ నవ్వుకుంటూ ఉన్నదున్నట్టు చెప్పాను. నాలుగు నెలలు. బస్సులో గన్నవరం దాటేదాకా మర్నాడు తనని ఏమడగాలా అని ఆలోచిస్తూ కూర్చునేదాన్ని. క్లాసులో పక్కన కూర్చునే పిల్లలకంటే మొహమైనా చూడని ఈ అక్కే నాకు దగ్గరయింది.

ఒకరోజు, ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పుకుందాం అంది. నియమం ప్రకారం తనే ముందు చెప్పింది. పెళ్ళికి ముందురోజు, పూలకని చెప్పి ఇంట్లోంచి బయటికొచ్చి బస్టాండుకెళ్ళి రెండు గంటలు బెంచీ మీద కూర్చుందట. ఏ బస్సెక్కాలో తెలియక, పూలు కొనుక్కుని ఇంటికొచ్చేసిందట. ఇప్పటికీ వాళ్ళమ్మకి కూడా తెలీదంది. ఇంత నమ్మి చెప్పిన మనిషికి నేనేదో చిల్లర సంగతి చెప్పడం మర్యాద కాదనిపించింది. రెండు రోజులు వాయిదా వేసి మూడోరోజు చెప్పాను.

నాకు చిన్నప్పుడు ఫిట్స్ వచ్చేవి. ఆఖరుసారి వచ్చింది పదిహేనో ఏట. బెజవాడ సూర్యారావుపేటలో డాక్టరుగారు తగ్గిస్తూ తగ్గిస్తూ వచ్చి, ఇప్పుడు రోజుకి అర టాబ్లెట్ వేసుకోమన్నారు. ఈ సంగతి మా ఇంట్లో ముగ్గురికే తెలుసు. మేనత్తకి కూడా తెలీదు. ఈ మాట గడప దాటకూడదని అమ్మ నా చేత ఎన్నిసార్లు ఒట్టేయించుకుందో. తగ్గాక గుణదల కొండ మీద మొక్కు తీర్చి నా తలనీలాలిప్పించి, ఇరుగుపొరుగుకి పేలు పడ్డాయని చెప్పింది. ఇంటర్ అయ్యేదాకా నన్ను బాత్రూమ్ తలుపు గడియ పెట్టుకోనివ్వలేదు. బయట స్టూలేసుకుని కూర్చుని, అలికిడి లేకపోతే పిలిచేది. ఇవన్నీ అక్కకి కొట్టాను. అయ్యాక ఎంత తేలికపడ్డానో చెప్పలేను. బస్సులో ఆరోజు హాయిగా నిద్రపోయి మా స్టాపు దాటిపోయాను.

గడియ సంగతి చదివి ఏడ్చేశానని మర్నాడు రాసింది. తర్వాత అడిగింది. మరి పూర్తిగా పోయినట్టేనా? మందు ఇంకెన్నాళ్ళు వాడాలన్నారు? పిల్లలకి వస్తుందా అని డాక్టర్ని ఎప్పుడైనా అడిగారా? ఆరోజు మూడు ప్రశ్నలూ అవే. ఏ ఒక్కదానికీ తన జవాబు ముందు చెప్పలేదు. అది నేను గమనించుకోలేదు. నామీద జాలి అనుకున్నాను.

తర్వాత మూడు వారాలకి గుడివాడ నుంచి సంబంధం వాళ్ళు చూడ్డానికొచ్చారు. అబ్బాయి కరెంటాఫీసులో ఇంజనీరు. మా నాన్నగారు జంక్షన్‌లో లారీ పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. ఆ ఆదివారం తెల్లవారేసరికే స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కుర్చీలు తుడిచిందే తుడిచారు. అబ్బాయి, తల్లిదండ్రులు, పెళ్ళయిన అక్క, నలుగురొచ్చారు. మేనత్త ముందురోజే దిగింది. నేను కాఫీలిచ్చాను, తలొంచుకుని కూర్చున్నాను, ఏం చదివావమ్మా అంటే చెప్పాను. ఇక లోపలికి వెళ్ళమన్నారు. అమ్మాయితో నేనో మాట మాట్లాడొస్తానని అబ్బాయి అక్క నా వెనకే గదిలోకి వచ్చింది.

మంచం మీద నా పక్కన కూర్చుని, చెవి దగ్గరికి వంగి, "గుమ్మం దగ్గర కూర్చున్నావిడేనా నువ్వు మాయం చేయమన్నది?" అంది.

అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపిస్తుంది. సంతోషం పట్టలేక ఆవిణ్ణి కావలించుకున్నాను. "అక్కా, మీరా" అన్నాను. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. నా అక్క మా ఇంటికొచ్చింది, మా మంచం మీద కూర్చుంది, ఆ తమ్ముడు నచ్చినా నచ్చకపోయినా ఈవిడ కోసమైనా చేసేసుకోవచ్చు అని కూడా అనుకున్నాను. ఆవిడ నా వీపు నిమిరింది.

"నా ఐడీ మీకెలా తెలిసింది?" అన్నాను, ఇంకా నవ్వుతూనే.

"బయోడేటాలో ఉందిగా."

ఉంది. నాన్నగారే పెట్టించారు. మా జంక్షన్‌లో ఈమెయిల్ ఐడీ ఉన్న ఆడపిల్ల ఇంకొకతె లేదని ఆయనకి మహా గొప్ప. పుట్టిన నక్షత్రం, ఎత్తు, రంగు, వాటి కింద లావు అక్షరాల్లో చాట్‌కి కూడా వాడే నా ఐడీ టైపు చేయించి, సంబంధం ఉందన్న ప్రతి ఇంటికీ అది పంపారు. అంటే ఐడీ తప్పు కొట్టడమూ లేదు, పొరపాటున తలుపు తట్టడమూ లేదు. మామూలుగా సంబంధం అనుకుంటే పిల్ల గురించి పక్కింటి వాళ్ళని అడుగుతారు, కిరాణా కొట్లో అడుగుతారు, కాలేజీలో ఎవరైనా తెలిసినవాళ్ళుంటే అడుగుతారు. ఈవిడ అంత తిరగలేదు. పిల్లనే అడిగేసింది. పొద్దున్నే లేస్తుందా, కోపిష్టా, పదిమందికి వండగలదా, ఒంట్లో ఏమైనా ఉందా.

నా చేతులు వాటంతటవే ఆవిడ భుజం మీంచి జారిపోయాయి.

"కోపం తెచ్చుకోకు. నాకు నువ్వు చాలా నచ్చావ్, ఒట్టు. నచ్చబట్టే ఇంతదూరం తీసుకొచ్చాను మావాళ్ళని. ఆ టాబ్లెట్ సంగతి అమ్మకీ చెప్పాను. ఇప్పుడు మీ నాన్నగార్ని అడుగుతుంది. ఆయన ఉన్నమాట చెప్తే ఇక నాది పూచీ, అమ్మని నేను ఒప్పిస్తా. దాచే మనుషులైతే మాత్రం మాకొద్దు. నువ్వు మధ్యలో ఏం మాట్లాడకు" అని లేచి ముందుగదిలోకి వెళ్ళిపోయింది.

నేను తలుపు తెర దాకా పరిగెత్తాను. పిలిచేదాకా పిల్ల బయటికి రాకూడదు. అమ్మ తెర పక్కనే నిలబడి ఉంది, నన్ను చూసి కళ్ళతోనే లోపలికి పొమ్మంది. "అమ్మా, నాన్నని ఒకసారి పిలువు" అన్నాను. నా చెయ్యి గట్టిగా పట్టుకుని నొక్కి, ఆగవే అన్నట్టు తల ఊపింది. ఆగాను. తెర తోసుకుని వెళ్ళి నిలబడితే ఏమయ్యేది? మహా అయితే పిల్లకి మర్యాద తెలీదనేవాళ్ళు. ఆ మాటకి భయపడి ఆగిపోయాను.

"అమ్మాయికి ఆరోగ్యం అదీ బాగానే ఉంటుంది కదండీ, అన్నయ్యగారూ?" అంది వాళ్ళమ్మ, ఎంతో మామూలుగా.

నాన్నగారికి అబద్ధం చెప్పడం సరిగ్గా రాదు. చెప్పాల్సొస్తే అవసరానికి మించి చెప్తారు. "భేషుగ్గా ఉంటుందండీ. ఇంతవరకూ డాక్టరు గుమ్మం ఎక్కలేదంటే నమ్మండి. చిన్నప్పట్నుంచీ అంతే" అన్నారు, నవ్వుతూ.

వాళ్ళమ్మ కూతురి వైపు చూసింది. పాపం ఆయన, నమ్మలేదేమో అనుకుని, "మా చెల్లెల్ని అడగండి కావాలంటే" అని మేనత్తని చూపించారు. మేనత్త కూడా అవునంది. తనకి తెలీదు కాబట్టి ధైర్యంగా అంది.

"మరి రోజూ అర టాబ్లెట్ దేనికండీ బాబాయిగారూ?" అంది అక్క.

"ఎవరు చెప్పారమ్మా?"

"మీ అమ్మాయే."

అప్పుడు తెర తోసుకుని వెళ్ళాను. అప్పుడెందుకు, అంతా అయ్యాక. నాన్నగారు కాఫీ గ్లాసు పట్టుకుని అలాగే ఉన్నారు. మెడ దాకా ఎర్రబడిపోయింది. నాకు ఒళ్ళు మండిపోయింది. నా నోటిదాకా ఒకటే మాట వచ్చింది. బస్టాండు బెంచీ. ఆ సంగతి వాళ్ళమ్మ ముందు, తమ్ముడి ముందు చెప్పేద్దామని ఆవిడ కళ్ళల్లోకి చూశాను. నేనేం చెప్పబోతున్నానో ఆవిడకి తెలుసు, తెలిసి కూడా చెంగు సర్దుకుంటూ నెమ్మదిగా నావైపు చూస్తోంది. ఆ మొహంలో భయం అనేది లేదు. ఆ బెంచీ లేదు, ఆ పూలూ లేవు అనిపించింది. నా రహస్యం బయటికి లాగడానికి అల్లిన కథ. పోనీ నిజమేనేమో, ఆవిడది అంత గుండెధైర్యమేమో, నాకిప్పటికీ తెలీదు. మొత్తానికి నోరు మూసుకున్నాను.

కబురు చేస్తామండీ అనైనా అనకుండా వాళ్ళు లేచారు. వెళ్తూ ఆవిడ నా చెయ్యి పట్టుకోబోయింది, వెనక్కి లాక్కున్నాను. వాళ్ళ కారు రోడ్డెక్కాక మేనత్త మొదలుపెట్టింది, సొంత చెల్లెలికే చెప్పలేదా అని. అమ్మ వంటింట్లో కూలబడి ఏడుస్తూ, నన్ను నోటికొచ్చినట్టు తిట్టింది. ఆ తిట్లు నాకు హాయిగానే ఉన్నాయి. నాన్నగారు మాత్రం ఇస్త్రీ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, బనీనుతో వచ్చి నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు.

"ఎవరమ్మా ఆవిడ నీకు?" అన్నారు.

"ఫ్రెండ్ అనుకున్నాను నాన్నా."

ఆయన కోపం లేకుండానే అన్నారు.

"అడిగింది ఆవిడ. చెప్పింది నువ్వు. అబద్ధాలకోరుని నేనయ్యానమ్మా."