అమ్మ ప్రభువు బల్లకు దూరమైన ఏడు నెలలు

పోయిన ఏడాది వరుసగా ఏడు నెలలు మా అమ్మ ప్రభువు బల్లలో పాలుపొందలేదు, సహోదరీ సహోదరులారా! కోయిలకుంట్ల దగ్గర మా ఊరి సంఘంలో బల్ల అంటే నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడం, ఆ రోజు ఆడవాళ్లందరూ తెల్లచీరలు కట్టుకొని ముందు వరసల్లో కింద కూర్చుంటారు, మా అమ్మ రూతమ్మ ఆ ఊరికి కోడలిగా వచ్చినప్పటి నుంచి ఒక్క నెల తప్పని మనిషి, అలాంటిది ఆ ఆదివారం వచ్చేసరికి తలనొప్పి అనేది, శనగచేనికి పోవాలి అనేది, ఒకసారైతే మందిరం మెట్ల దాకా వచ్చి వెనక్కి తిరిగిపోయింది.

బల్ల మానుకున్న మనిషిని మా దగ్గర ఎవరూ కారణం అడగరు. ఒప్పుకోని పాపం ఏదో ఉందని వాళ్లకు వాళ్లే అనుకుంటారు.

అసలు సంగతి తెలిసింది నాకొక్కదానికే. అమ్మకు నలభై ఎనిమిదేళ్లు. నెలసరి తేదీలు తప్పసాగాయి, రెండు నెలలు రాకుండా ఉండి, వచ్చినప్పుడు పది పన్నెండు రోజులు ఆగకుండా పోయేది, గంటకొకసారి గుడ్డ మార్చినా చాలేది కాదు, ఎప్పుడు మొదలవుతుందో తెలియదు, ఇక తెల్లచీర కట్టుకొని అందరి మధ్య ఎలా కూర్చుంటుంది? ఆ స్థితిలో బల్ల ముట్టడం దేవునికి ఇష్టం కాదేమోనన్న భయం కూడా ఉండేది. ఉన్నట్టుండి ముఖంలో సెగలు పుట్టి, చలికాలం పొద్దుటిపూట కూడా కొంగుతో విసురుకునేది. ఆసుపత్రికి పోదామంటే నవ్వేది.

"ఆగిపోయే ముందు ఇట్నే శానా పోతాదంట పాపా. చెడు రక్తం పోతే మంచిదే గదా! మందులేసి ఆపితే లోపలే గడ్డ కడ్తాది."

"ఎవరు సెప్పినారు మా?"

"అందురూ సెప్తారు. నీకేం తెల్సు, బుక్కులు సదువుకుంటా మూల కూసునేదానివి."

నేను నిజంగానే అలాంటిదాన్ని. ఇంత రక్తం పోతుంటే వయసు వల్లేలే అని వదిలేయకూడదని ఒక ఆరోగ్య పుస్తకంలో చదివి డైరీలో రాసుకున్నాను, అమ్మకు మళ్లీ గట్టిగా చెప్పలేకపోయాను. నాన్న ఎర్రగుంట్లలో సిమెంటు లారీ నడుపుతారు, వారానికొకసారి ఇంటికి వస్తారు, ఆయన ముందు ఈ మాట ఎత్తలేకపోయాను. నా ప్రార్థన కూడా డైరీలోనే ఉండేది: "ప్రభువా, ఎవరితోనైనా అమ్మకు చెప్పించు." ఎవరితోనైనా అంటే నాతో కాకుండా అని! ఆయన నన్ను క్షమించును గాక.

అమ్మ పెదవులు పాలిపోయాయి. ఒకరోజు శనగచేనిలో కళ్లు తిరిగి పడిపోతే తోటివాళ్లు నీళ్లు చల్లి, పైత్యమని చెప్పి ఇంటికి తీసుకొచ్చారు. ఆ సాయంత్రం అమ్మ గోడవైపు తిరిగి చేసిన ప్రార్థన విన్నాను. "తండ్రీ, నేనేం తప్పు సేసినానో సూపించయ్యా. దండించు గానీ దూరం సేయొద్దయ్యా." ఏ తప్పూ లేని మనిషి కూర్చొని తన తప్పు వెతుక్కుంటోంది!

ఆ శుక్రవారం స్త్రీల ఉపవాస ప్రార్థనకు అమ్మ రాలేదు. నడిపించేది రాహేలమ్మ పెద్దమ్మ, చిన్నప్పుడు నాకు అమ్మవారు పోస్తే పక్కనే కూర్చొని కాపాడిన మనిషి, మా అమ్మంటే ప్రాణం. ఆమే కళ్లనీళ్లతో అంది, "రూతమ్మ సన్నిధికి దూరమైపోతాంది. దాసిపెట్టుకుండే పాపం ఒప్పుకునేట్ల అందురూ ప్రార్థన సేయండమ్మా."

మా పద్ధతి ఏమిటంటే, గుండ్రంగా కూర్చొని ఒకరి తర్వాత ఒకరు ప్రార్థించాలి, ఆ మనిషి ఆమెన్ అనేదాకా మిగతావాళ్లు కళ్లు తెరవకూడదు, మాట్లాడకూడదు. నా వంతు వస్తే రెండు ముక్కలు గొణిగి ముగించేదాన్ని, ఈ పాప ప్రార్థన దేవునికి తప్ప ఎవురికీ ఇనపడదు అని వాళ్లు నవ్వేవాళ్లు. మనుషులతో చెప్పలేని మాట ఆ రోజు దేవునితో చెప్పాను, కానీ అందరికీ వినపడేలా చెప్పాను!

"ప్రభువా, మా అమ్మ పాపం దాయలేదు, రక్తం దాస్తాంది. ఏడు నెలల నుంచి వచ్చినప్పుడల్లా ఆగకుండా పోతాంది. తెల్లచీరకు భయపడి నీ బల్లకు రాలేకపోతాంది. వయసే కదా, పోనీలే అంటాండారు. అట్లే పోనిస్తే మా అమ్మే పోతాది ప్రభువా! ఆమెను డాక్టరు దగ్గరికి నడిపించు. ఆమెన్."

వెంటనే కళ్లు తెరిచి ఒకావిడ, "ఏం మ్మే, ఇట్లాంటివి ప్రార్థనలో సెప్పేవేనా?" అంది.

మా అందరికంటే పెద్దది సుగుణమ్మవ్వ తలెత్తింది. "దేవునికి సెప్పక సర్పంచికి సెప్తాదా? మనల్ని సేసినోడు ఆయనే గదా, ఆయనకు తెలీందా?"

అందరూ పక్కున నవ్వేశారు, ఆ నవ్వులోనే పెద్దమ్మ ఏడ్చేసింది. నేరుగా మా ఇంటికి వచ్చి అమ్మ చేయి పట్టుకొని, "నిన్ను తప్పుగా అనుకుంటిని మ్మే రూతమ్మా. లెయ్, పొద్దున్నే బస్సుకు పోదాం" అంది. మరునాడు ముగ్గురం నంద్యాల వెళ్లాం.

అమ్మకు రక్తం చాలా తగ్గిపోయిందని డాక్టరమ్మ చెప్పారు. స్కాన్ తీశారు, గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క పరీక్షకు పంపారు. అమ్మ చేతులు జోడించి, "దాన్ని తీసేయండి మేడమ్, ఇంగ దాంతో ఏం పనుండాది?" అంది.

"అవసరమైతే నేనే చెప్తానమ్మా. ఈ వయసులో తేదీలు తప్పుతాయి, సెగలొస్తాయి, మామూలే. ఇంత రక్తం పోవడం మామూలు కాదు. ఇంకో మాట, పూర్తిగా ఆగి ఏడాది దాటినాక మళ్లీ చిన్న మరక కనపడినా వెంటనే రావాలి."

బయటికి వచ్చి నాలుగడుగులు వేశామో లేదో పెద్దమ్మ ఆగిపోయింది. "పాపా, ఇంగోసారి లోపలికి పోదామా? నాకు ఆగి నాలుగేండ్లాయె. రెండు నెలల నుంచి మరక కనపడ్తాంది. ఎవురికీ సెప్పలే."

అప్పుడే వెనక్కి వెళ్లాం. అమ్మ పరీక్షలో భయపడాల్సిందేమీ లేదని వచ్చింది, మాత్రలతో, రక్తం పట్టే మందుతో మనిషి తేరుకుంది, ఇప్పుడు మళ్లీ బల్ల దగ్గర మాతో కూర్చుంటోంది. పెద్దమ్మకు క్యాన్సర్ అని తేలింది, కానీ తొలిదశలోనే పట్టుబడింది, ఆపరేషన్ జరిగింది, నెమ్మదిగా కోలుకుంటోంది. దేవునికే మహిమ! అమ్మ కోసం మొరపెడితే ఆయన ఇద్దరిని నిలబెట్టాడు, నా మూగతనాన్ని కూడా విప్పాడు.

అక్కలారా, మీలో ఎవరైనా ఇలాంటి బాధ దాచుకొని ఉంటే ముందు ఆయనతో చెప్పండి, ఆ తర్వాత ఇంట్లో ఒక్కరితో చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి. రెండూ విశ్వాసమే. నడిపించేవాడు నమ్మదగినవాడు. ఈ సాక్ష్యం రాసి, పెద్దమ్మ పేరు తీసేయాలా అని ఆమె మంచం పక్కన కూర్చొని అడిగాను. "నా పేరు రాయి మ్మే," అంది, "సదివినోళ్లల్లో ఒక్కరన్నా బస్సెక్కుతారు."