బాబాయ్ బయాస్ అరగంట

ఉదయం తొమ్మిది కొట్టగానే మా బాబాయ్ మూతిమీద వేలు వేసుకునేవాడు. అంతే, ఇంట్లో కుళాయి ఆగాలి, గిన్నెలు ఆగాలి. అన్నిటికంటే ముందు పక్కగదిలో పిన్ని కుట్టుమిషన్ ఆగాలి.

బాబాయ్ లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. తనే బిగించుకున్న పాతకాలపు గాజు వాల్వుల రేడియో ట్రాన్స్‌మిటర్ ముందు కూర్చుని, లైసెన్సు పుచ్చుకుని మరీ, ముక్కూమొహం తెలియని వాళ్లతో కబుర్లాడతాడు.

"వాల్వు మహా తిండిపోతమ్మా," అని నాకు చెప్పేవాడు. "దాని లోపల గ్రిడ్ అనే జాలీకి మైనస్ వోల్టేజి పెట్టి అదుపులో ఉంచాలి. అదే బయాస్. అది చాలకపోతే ఊరికే కరెంటు మింగి ఎర్రగా కాలిపోతుంది. ఎక్కువైతే మన గొంతు గరగరలాడుతుంది. ఎవరూ మాట్లాడనప్పుడు మీటరు ముల్లు అరవై మీద నిలబడాలి. మైకు దగ్గర చీమ చిటుక్కుమన్నా ఊగుతుంది."

అందుకని రోజూ అరగంట నిశ్శబ్దం. మాట గాల్లోకి పోకుండా ఏరియల్ తీసేసి, దాని స్థానంలో ఓ లావుపాటి రెసిస్టర్ తగిలించి, నాబు మీద చెయ్యి వేసి కళ్లు మూసుకునేవాడు. ఏకాగ్రత అనుకునేదాన్ని. అప్పుడప్పుడు ఆ ఏకాగ్రత గురకపెట్టేది.

పిన్ని బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. ఒకరోజు పదింటికల్లా నలభై చొక్కాలు బడికి చేరాలి. ఆలస్యమైతే వచ్చే ఏడాది ఆర్డరు ఇంకొకరికేనని ముందే కబురొచ్చింది. ఇంకా ఆరు కాలర్లు, బోలెడు గుండీలు మిగిలాయి. తొమ్మిది కొట్టింది. వేలు మూతిమీదికి వెళ్లింది. మిషన్ మాత్రం ఆగలేదు.

"ఏమేవ్! ముల్లు ఊగుతోంది!"

"ఊగనివ్వండి. జోల పాడండి."

"వాల్వు కాలిపోతే కొనిపెడతావా?"

పిన్ని లేచి వచ్చింది. ఆమె చేతిలో కాలరు నమూనా ఉంది. ఏ పాత కాగితం దొరికినా నమూనాలు కత్తిరించడం ఆమె అలవాటు. దాన్ని చూడగానే బాబాయ్ మొహం వాడిపోయింది. అది ట్రాన్స్‌మిటర్ ఎలా బిగించుకోవాలో చెప్పే పుస్తకంలో పేజీ.

"చదవనా? 'బయాస్ సరిచూసేముందు మైకు ఊడదీయండి. రెండు నిమిషాల పని.' పదమూడేళ్లుగా నా నోరు నొక్కారు కదండీ!"

"నా పుస్తకం కోసేశావా?"

"మాట మార్చకండి." మైకు ప్లగ్గు పీకేసి, "నువ్వెళ్లి మిషన్ తొక్కవే," అంది నాతో.

బలంకొద్దీ తొక్కాను. బాబాయ్ స్విచ్ నొక్కాడు. ముల్లు అరవై మీద బుద్ధిగా నిలబడింది.

"ఇది నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు బాబాయ్, గొంతు తగ్గించి.

"పోయిన నెల."

"మరి ఇన్నాళ్లూ ఊరుకున్నావేం?"

"గురకపెట్టే మనిషిని లేపడానికి జాలేసింది. ఇవాళ మాత్రం గుండీలు కుట్టే చేతులు కావాలి. ఆ నాబు వదిలి రండి."

పదికి ఐదు నిమిషాలుండగా చొక్కాలు బడికి చేరాయి. ఆర్డరు నిలిచింది.

ఇప్పుడు బాబాయ్ తొమ్మిదింటికి మైకు ఊడదీసి బయాస్ సరిచూస్తాడు. తొమ్మిదీ రెండుకల్లా గుండీల డబ్బా ముందు ఉంటాడు.