మగ కుందేళ్లకు మందు

బిజినేపల్లి దగ్గర మా చెలకలో రేకుల షెడ్డు వేసి కుందేళ్లు పెంచిన రోజులవి. అప్పట్లో కుందేళ్ల పెంపకమంటే జనం ఎగబడేవారు. పది ఆడవి, రెండు మగవి. పట్టుబట్టి తెప్పించింది నేనే. కాబట్టి ఊళ్లో ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వాలి.

ఆ ఎండాకాలం ఒక్కటీ చూలు కట్టలేదు. నేను ఊరుకుంటానా? ఆడవాటి బోన్ల మీద తడి గోనె సంచులు కప్పాను, నీళ్లలో విటమిన్ పొడి కలిపాను, మొలకెత్తిన గోధుమలు పెట్టాను. మగవాటిని మాత్రం పడమటి రేకుల పక్కనే వదిలేశాను. మగవి గట్టివి, వాటికేమవుతుందిలే అనుకున్నాను.

మా అత్తది రోజూ ఒకటే పాట. "అన్ని గొడ్డువే తెచ్చినవ్ పిల్లా! మేపి మేపి మనమే సావాలె."

వానలు మొదలైనా అదే కథ. మా ఆయన వనపర్తిలో మటన్ దుకాణం వాడితో మాట్లాడి వచ్చాడు, పదింటినీ అమ్మేద్దామని. నా ఒళ్లు మండిపోయింది.

"మూడు నెలలు ఆగు. గప్పటికి ఈనకుంటె నేనే కోసి కూరొండుత," అన్నాను.

మరునాడే నాగర్‌కర్నూల్ వెళ్లి పశువుల డాక్టరును పట్టుకున్నాను. ఆయన ఆడవాటి గురించి ఒక్క మాటా అడగలేదు. "మగయి ఏడ ఉంటున్నయమ్మా?" అన్నాడు. చెప్పాను. తల కొట్టుకున్నాడు.

"ఎండకు ముందుగాల దెబ్బతినేది మగదాని బీజమే. సల్లబడ్డంక గూడ తేరుకోనీకె రెండు నెలలు పడ్తది."

విటమిన్-ఇ, సెలీనియం కలిసిన మందు రాసిచ్చి, కొలత మించితే విషమవుతుందని హెచ్చరించాడు.

ఇంటికి వస్తూనే మగవాటి బోన్లు నీడకు మార్చి, చెప్పిన కొలతకు మందు దాణాలో కలిపాను. అత్త నోరెళ్లబెట్టింది.

"మొగదానికి మందేందే? ఏడనన్న ఇన్నమా?"

"ఇప్పుడు ఇను అత్తా," అన్నాను.

గడువు ఇంకా ఉండగానే ఏడు ఈనాయి. కొంత చల్లబడ్డ గాలి పుణ్యమే, ఒప్పుకుంటాను. కొంతే!

అత్త బోను ముందు చతికిలబడి, తల్లి పీకి పరిచిన బొచ్చులో కదులుతున్న పిల్లలను చూస్తూ ఉండిపోయింది. దెప్పడానికి నేను నోరు తెరిచేలోపే తనే అంది.

"మా చెల్లెను గొడ్రాలని తల్లిగారింటికి ఎల్లగొట్టిండ్రు. దాని మొగనికి ఇంకో పెండ్లి జేసిండ్రు. ఆమెకు గూడ పిల్లలు పుట్టలే. గప్పుడన్న ఎవ్వరు ఆయనను అడగలే. నేను గూడ మా చెల్లెదే తప్పనుకున్న."

నాకు దెప్పాలనిపించలేదు. ఏడుపొచ్చింది.

తెల్లారి లేచేసరికి అత్త కొత్త చీర కట్టుకుని వాకిట్లో నిలబడి ఉంది.

"యాడికి అత్తా?"

"రాజోలికి, చెల్లె తాన్కి. దాని తప్పేం లేకుండెనని చెప్పొస్త. నేనన్న చెప్పాలె గద."