నేను ఇవ్వని మాట

గద్వాలలో మా పక్కింటి ఆమెను నేను అక్క అని పిలిచేదాన్ని. మా రెండిళ్లలోనూ మగ్గాలే. మగవాళ్లు నేస్తుంటే మేము గడపలో కూర్చుని రాట్నంతో దారం కండెలకు చుట్టేవాళ్లం. ఆమె ఏదైనా తలపెడితే ఎందుకని అడిగే అలవాటు నాకు లేదు. చెంగు నడుముకు దోపుకుని వెనక నడిచేదాన్ని.

ఇళ్ల వెనక స్థలంలో కూరగాయలు పెడదామన్న ఆలోచనా ఆమెదే. పాతరోజుల్లో అక్కడ మగ్గాలకు పడుగు దారాలు సాచేవాళ్లట. మేము కాపురానికి వచ్చేసరికి సర్కారు తుమ్మ, పగిలిన సీసాలు, పందులు తప్ప ఏమీ లేవు. స్థలం ఇటిక్యాలలో ఉండే ఒక రిటైరైన పంతులుగారిది. ఇద్దరం బస్సెక్కి వెళ్లి అడిగాం.

"నాకు అవసరం పడేదాక పండించుకోండ్రి. ఇద్దరికీ ఇస్తున్న. ఏదన్న మాటుంటే ఇద్దరు కలిసే రాండ్రి" అన్నాడాయన.

తుమ్మ కొడుతుంటే నా అరికాల్లో ముల్లు దిగి చీము పట్టింది. అక్క నా చెయ్యి తన భుజం మీద వేసుకుని దవాఖాన దాకా నడిపించింది. ఆ ఎండాకాలం నేను మడమ మీద నడుస్తూనే మట్టి మోశాను. వానలు పడ్డాక పుంటికూర, బీర, చిక్కుడు లేచాయి. అది చూసి వీధిలో ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చేరారు. అందరికీ తలా ఒక మడి కేటాయించాం. సాయంత్రం కండెల పని ముగిశాక అందరం అక్కడే తేలేవాళ్లం.

కిందటి చలికాలం పందిళ్లన్నీ విరగకాశాయి. ఒక సాయంత్రం వీధి వీధంతా ఒకరి తోట ఒకరు చూసివద్దామని అక్క అంది. మిద్దెల మీదివి, పెరళ్లలోవి అన్నీ చూసుకుంటూ వచ్చి, చివరికి వెనక స్థలంలోని మా అందరి తోటలో కూర్చుని తినాలి.

"ఇటిక్యాల సారును గూడ పిలుద్దం చెల్లె. మనం చేసింది చూసి ఖుష్ అయితడు" అంది. నాకు ఎంతో నచ్చింది. పొద్దుటి నుంచి అనపకాయలు ఒలిచి, గింజలు ఉడికించి పెద్ద గంజు నిండా గుడాలు చేశాను.

ఎండ చల్లబడ్డాక బయలుదేరాం. ఒక ఇంట్లో పెయింటు డబ్బాల్లో టమాటాలు, ఇంకో ఇంట్లో బాత్రూము గోడ మీదికి ఎగబాకిన కాకర. ఒక ముసలమ్మ తన బచ్చలి తీగను ఎవరూ ముట్టుకోకుండా చేతులు చాపి అడ్డం నిలబడింది. అందరం నవ్వాం. అక్క ముందు నడుస్తూ ఏ మొక్క ఎవరు పెట్టారో చెబుతోంది. ఆమె అలా మాట్లాడుతుంటే నాకు గర్వంగా ఉండేది.

తోటలోకి వచ్చేసరికి సారు అప్పటికే చిక్కుడు పందిరి దగ్గర నిలబడి ఉన్నాడు. నేను గుడాల ప్లేటు తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు.

"బిడ్డా, నువ్వు గింత పెద్ద మనసు చేసుకుంటవనుకోలే. మీ ఇద్దరికీ మాటిచ్చిన కద, ఒక్కరు కాదన్నా నేను మీ అక్క తమ్మునికి జాగ ఇయ్యనంటిని. నువ్వే ఖుషీగ ఒప్పుకున్నవని ఆమె చెప్తే నాకు పానం నిమ్మళమైంది."

"దేనికి ఒప్పుకున్న సారూ?"

"అదే, టెంట్ హౌజ్ సామాన్లకు షెడ్డు. చిక్కుడు అయిపోంగనె పని మొదలుపెడ్తరంట కద."

నేను అక్క వైపు చూశాను. ఎవరి పిల్లకో కాయ తెంపి ఇస్తున్న ఆమె చెయ్యి అలాగే ఆగిపోయింది. అయినా నవ్వింది.

"నిన్ననే చెప్పిన కద చెల్లె, యాది మరిచినవా?"

నిన్న ఆమె నాతో గుడాల్లో కారం ఎంత వెయ్యాలన్నది మాట్లాడింది. షెడ్డు మాట ఎత్తనే లేదు. నా పేరు చెప్పి వేరేచోట అబద్ధమాడటం ఒక ఎత్తు. నా ముఖం చూస్తూ, ఇంతమందిలో నేను నోరెత్తననే ధీమాతో ఆడటం ఇంకో ఎత్తు. వీధంతటినీ పోగుచేసింది ఇందుకేనా అన్న అనుమానం అప్పుడే పుట్టింది. ఇప్పటికీ అది పోలేదు.

"నాకేం చెప్పలే సారూ. నేను ఒప్పుకోలే" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

సారు ప్లేటు గట్టు మీద పెట్టి, కండువా దులుపుకున్నాడు. "మీ ఇద్దరి నడుమ నన్ను పడెయ్యకుండ్రి" అని బస్టాండు వైపు వెళ్లిపోయాడు.

తెల్లారి నేనే ఆమె గడప దగ్గరికి వెళ్లాను. ఆమె కండె చుడుతూ తల ఎత్తలేదు.

"ఎందుకు గట్ల చెప్పినవక్కా?"

"నువ్వు ఎన్నడన్న నా మాట కాదన్నవా? ఒప్పుకుంటవనే అనుకున్న. తమ్ముడు సామాన్లు పెట్టుకోను జాగ లేక పరేషాన్ అయితుండు."

"మరి నన్నే అడగొచ్చు కద."

రాట్నం ఆగింది. "అడిగితే కాదంటవేమోనని భయమైంది" అంది.

నేను ఇంటికి వచ్చేశాను. ఆ ముందు రోజు మధ్యాహ్నమే వచ్చి అడిగి ఉంటే, ఏడుస్తూనైనా సరేననేదాన్నేమో. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

సారు ఆ జాగా ఎవరికీ ఇవ్వలేదు. ఎండలు ముదిరేసరికి చుట్టూ గోడ కట్టించి గేటుకు తాళం వేశాడు. వీధిలో వాళ్లు నన్నే అన్నారు. "జర ఊకుంటే నీ సొమ్మేం పోయె? ఒక పిలగాడన్న బతికేటోడు" అని ఒకామె నా ముఖం మీదే అంది. మడులు పోయిన కోపం వాళ్లది. ఎవరి మీద చూపాలో తెలియక నా మీద చూపారు. ఆ తమ్ముడు ఎర్రవల్లి దారిలో వేరే జాగా చూసుకున్నాడు.

ఈ చలికాలం మళ్లీ తోటలు చూశారు, మిద్దెల మీదివి మాత్రమే. వెళ్లకూడదనుకున్నాను. కానీ ఉన్న నలుగురిలో దూరంగా ఎన్నాళ్లు ఉంటాం? అక్క వాళ్ల మిద్దె కూడా ఎక్కాను. ఆమె దోసకాయ ముక్కలు కోసి అందరికీ ఇస్తోంది. నా ముందుకు వచ్చి ప్లేటు చాపింది.

"తీసుకోండ్రి" అంది నాతో, ఇన్నాళ్లూ నన్ను 'చెల్లె, నువ్వు' అన్న మనిషి.