మలుపు కింది కాలువ

ఖమ్మం ఖిల్లా కింద రాళ్ళబాట వీధిని ద్వాలి ఇరవై రెండేళ్ళుగా ఊడుస్తోంది. ములకలపల్లి దగ్గరి తండా నుంచి మట్టిపనికి వచ్చి, తర్వాత ఈ పనిలో కుదురుకుంది. ఆమె వచ్చేనాటికి వీధి నిండా పాత రాతిపలకలే. వాటిమీద తారు పడింది, తారుమీద సిమెంటు పడింది. పెంకుటిళ్ళు పోయి మూడంతస్తుల దుకాణాలు లేచాయి. వీధి మధ్యలో మలుపు మాత్రం ఏ తాతలనాటిదో, కదల్లేదు. ఏటా వానాకాలం ఆ మలుపులో మోకాలిలోతు నీళ్ళు నిలిచేవి.

కిందటేడు ఎండాకాలం మళ్ళీ రోడ్డు వేయడానికి కొలతలు తీస్తుంటే, ద్వాలి చీపురు గోడకు ఆనించి కొత్త ఇంజనీరు సాయిప్రియ దగ్గరకు వెళ్ళింది.

"మేడం, గీ మలుపు కింద కాలువ ఉన్నది."

"కాగితాల్లో లేదమ్మా. నువ్వు చూసినవా?"

"చూడలే, విన్న. పెద్దవాన ఆగినంక ఆ బట్టల దుకాణం మెట్ల కింద నీళ్ళు గుటగుట దిగుతయ్."

మేస్త్రీ నవ్వాడు. సాయిప్రియ నవ్వలేదు. మెట్లు తీసి తవ్వి చూడనిస్తారా అని దుకాణం యజమాని వెంకటరామారావును అడిగింది.

"మెట్లు పగలగొట్టాక ఏమీ లేకపోతే ఎవరు కట్టిస్తారండీ?" అన్నాడాయన.

ద్వాలి వెనక్కి తగ్గలేదు. "నా మాట తప్పయితే నేనే కడ్త సారూ. తట్ట మోసుడు నాకు కొత్త కాదు."

ఆయన మెట్లు దిగి వచ్చాడు. ఏటేటా తడిసి పాడైన బట్టల మూటలు గుర్తొచ్చాయేమో, "తవ్వండి" అన్నాడు.

మూడడుగుల లోతులో గడ్డపారకు రాయి తగిలి బోలుగా మోగింది. పలక లేపితే రాతికట్టు కాలువ, నిండా ఒండ్రు. వీధి వంకర తిరిగినచోటే అదీ తిరిగింది. పూర్వం ఎవరో నీళ్ళ దారి చూసుకునే ఇళ్ళు కట్టుకున్నారని సాయిప్రియకు అప్పుడు అర్థమైంది.

పన్నెండు రోజులు పూడిక తీశారు. పైన ఇనుప జాలీలు పెట్టి, మెట్లు తిరిగి కట్టి, రోడ్డు వేశారు.

జూలైలో పెద్దవాన పడింది. మలుపు దాకా ఉరికొచ్చిన నీళ్ళు సుడి తిరిగి జాలీలోకి దిగిపోయాయి. ద్వాలి తడుస్తూనే చూస్తోంది.

"లోపలికి రా ద్వాలమ్మా, జలుబు చేస్తుంది," అని వెంకటరామారావు కుర్చీ జరిపాడు. ఆ దుకాణంలో కూర్చుని వీధిని చూడడం ఆమెకు అదే మొదలు.

వాన వెలిశాక సాయిప్రియ ఫోన్ చేసింది. "రేపు పక్క వీధిలో కొలతలు. వస్తవా?"

"ఊడ్చుడు అయినంక వస్త మేడం," అంది ద్వాలి.