జనగామ నుంచి ఆబిడ్స్ దాకా, నీళ్లలో నాయినను చూడడానికి

మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి లచ్చవ్వ, ఎన్నడూ భువనగిరి దాటి ఎరగదు. అలాంటి మనిషి హైదరాబాద్ వస్తానని తనంతట తానే అడిగింది. 1954 ఎండాకాలంలో నేను చేసిన ఈ ప్రయాణానికి కారణం అదే.

నేను నాంపల్లిలో చిన్న గది కిరాయికి తీసుకుని వడ్రంగం చేసుకునేవాణ్ణి. ఆ ఏడు ఆబిడ్స్ వెనక సందులోని ఒక పాత దేవిడీ భవంతిని మద్రాసు నుంచి వచ్చిన సినిమావాళ్లు అద్దెకు తీసుకున్నారు. లోపల నవాబుల కాలం నాటి పెద్ద నీళ్ల హౌజు ఉంది. దాని ఒక గోడ కూల్చి, మందపాటి గాజు బిగించి, ఇవతలి గదిలో కెమెరా పెట్టారు. నీటి అడుగున నాగకన్య రాజమందిరం తీయాలన్నది వాళ్ల ఉద్దేశం. బండలూ స్తంభాలూ కర్రతో చేసి, పైకి తేలకుండా రాళ్లు కట్టి దించడం నా పని. బండలనైతే దించగలిగాం గానీ, నాగకన్య వేషం వేసిన అమ్మాయి మాత్రం కూర్చోబెట్టిన చోట నిలవకుండా పైకి తేలిపోయేది. అడుగున బండ చాటున కూర్చుని, ఆమె కాలు పట్టుకుని ఉండే మనిషి కావాలన్నారు మేనేజరు శేషయ్య గారు. నేను మా నాయినను పిలిపించాను.

మా నాయిన రాజయ్య బావుల్లో పడ్డ బిందెలు, బొక్కెనలు తీసే మనిషి. చిన్నప్పటి నుంచి ఆయన బావిలో దిగడమే చూశాను, నీళ్లు మూసుకున్నాక ఏం జరుగుతుందో నాకు తెలియదు. ఆబిడ్స్‌లో ఆ గాజు వెనక నిలబడి మొదటిసారి చూశాను. నేల మీద కుంటుతూ నడిచే మనిషి నీళ్లలో కుంటలేదు. కళ్లు తెరిచి, తొందర లేకుండా, సొంత ఇంట్లో తిరిగినట్టు తిరిగాడు. రాజయ్య దిగితే తప్ప తాను దిగనని ఆ అమ్మాయి చెప్పేదాకా వచ్చింది.

ఊరికి పోయినప్పుడు ఈ సంగతి అవ్వతో చెప్పాను. అవ్వ తోడబుట్టిన అన్న ఒక బావిలో బొక్కెన కోసం దిగి మళ్లీ పైకి రాలేదు. అప్పటి నుంచి నాయిన ఎక్కడ మునిగినా, అవ్వ బావికి వీపు పెట్టి కూర్చునేది. పైకి తేలాడని గట్టు మీది జనం నోట మాట వినబడితేనే తిరిగేది. నేను చెప్పిందంతా వింది. తర్వాత మెల్లగా అడిగింది.

"లోపట గిట్ల మంచిగనే ఉంటడా? నేనొచ్చి జర సూడొచ్చా?"

అప్పటికే నాయిన చెవిలో నొప్పి మొదలైంది. ఈ పని అయ్యాక ఇక నీళ్లలో మునగొద్దని, మునిగితే వినికిడి పూర్తిగా పోతుందని దవాఖానలో చెప్పారు. అంటే అవ్వ చూడాలంటే ఇదొక్కటే అదను. ఆఖరి రోజు షూటింగు సాయంత్రం దాకా ఉంటుందని శేషయ్య గారు అనడంతో ఆ పొద్దునే బయలుదేరాను.

నాంపల్లిలో తెల్లవారకముందే కాజీపేట వైపు ప్యాసింజరు ఉంటుంది. మూడో తరగతి టికెట్టు రూపాయిన్నర లోపే. ఎండ ముదరకముందే జనగామలో దిగాను. చిన్న మేనమామ కచ్చడం బండిలో అవ్వను స్టేషనుకు తెచ్చి ఉంచాడు. మధ్యాహ్నపు రైల్లో తిరుగు ప్రయాణం. కిటికీ పక్క కూర్చోబెడితే అవ్వ బయటికి చూడనే లేదు. నీళ్లు చల్లగా ఉంటాయా, నాయిన ఏం తిని దిగుతాడు, ఇవే అడిగింది. భువనగిరిలో ఎదురు బండి కోసం మా రైలును చాలాసేపు ఆపారు. నాంపల్లిలో దిగాక అవ్వ మూట విప్పి, ఆడవాళ్ల వెయిటింగు గదిలో కొత్త చీర కట్టుకుని వచ్చింది. మొగుణ్ణి చూడటానికి చీర మార్చుకున్న మా అవ్వను చూసి నవ్వుకున్నాను.

ఆబిడ్స్‌కు నడిచే పోవచ్చు గానీ ఎండకు జడిసి రిక్షా మాట్లాడాను, ఆరణాలు. సందు మొగలో రిక్షా అతను బ్రేకు వేశాడు. దారి పొడుగునా తెల్లటి నీళ్లు పారుతున్నాయి.

"ఎవలో ఏమో, గింత ఎండల నీళ్లు గిట్ల పారబోస్తున్రు," అన్నాడు.

ఆ తెలుపు పటికది. నీళ్లు తేటగా కనిపించాలని హౌజులో వేసే పటిక. నాకు అర్థమైంది. అవ్వకు కాలేదు, చీర అంచు పైకి పట్టుకుని నీళ్లలోంచే నడిచింది.

గాజు అడుగున నీరు కారడం మొదలైందట. పగిలితే కెమెరా గదిలో మనుషులు దక్కరని ఆఖరి సీను గబగబా తీసి, తూము ఎత్తేశారు. శేషయ్య గారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు.

"మీ నాన్న ఇన్నాళ్లలో నన్ను ఒక్కటీ అడగలేదయ్యా. ఇవాళ ఒక్క గంట ఆపమన్నాడు. నావల్ల కాలేదు."

అవ్వను గాజు ముందుకు తీసుకుపోయాను. అవతల ఖాళీ హౌజులో చీలమండల లోతు బురద నీరు మిగిలి ఉంది. నాయిన మమ్మల్ని చూసి కుంటుకుంటూ అందులో దిగాడు. బండ చాటున కూర్చుని, అమ్మాయి కాలు పట్టుకున్నట్టు చేతులు చూపించాడు. అవ్వ అరచేయి గాజుకు ఆనించింది. తనను పిలుస్తోందనుకుని నాయిన లేచి, హౌజులోంచి ఎక్కి మా దగ్గరికి వచ్చాడు.

"గిట్లనే కూసుంటుంటి," అన్నాడు.

"ఔ, సూసిన," అంది అవ్వ. గాజు మీంచి చేయి తీసి, "నువ్వు ఊపిరి బిగవట్టినప్పుడు సూద్దామనుకున్న," అంది.

నాయిన తల వంచుకున్నాడు. చెవికి కట్టిన గుడ్డ తడిసి ఉంది.

ఆ తర్వాత నాయిన ఏ బావిలోనూ దిగలేదు. మరుసటి ఏడు ఆ సినిమా ఆబిడ్స్ టాకీసుకు వస్తే ఇద్దరినీ తీసుకుపోయాను. రాజమందిరంలో నాగకన్య కురులు నీళ్లలో ఆడుతుంటే హాలంతా ఈలలు. ఆ బండ వెనకనేనా అని అవ్వ నా చెవిలో అడిగింది, ఔనన్నాను. పాట అయిపోయేదాకా అవ్వ ఆ బండనే చూసింది. ఆ రైలు భువనగిరిలో ఆగకుండా ఉంటే, నేను ముందు రోజే బయలుదేరి ఉంటే అని ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాను. ముప్పై ఏళ్లు తనకు వీపు పెట్టి కూర్చున్న మనిషి తనవైపు తిరిగిన ఒక్క రోజున, నాయిన దగ్గర నీళ్లు లేవు.

మీవాళ్లకు షూటింగు చూపించాలనుకుంటే ఒక రోజు ముందే తీసుకురండి. నాంపల్లి స్టేషను ఎదురుగా సరాయిలో రాత్రికి తక్కువలోనే చోటు దొరుకుతుంది. సాయంత్రం దాకా ఉంటుందన్న మాట నమ్ముకుని అదే రోజు రైలెక్కొద్దు.