శఫ్నత్ అత్త నడిపిన వేట

మా లోయలో ఇప్పుడు తిరుగుతున్న వాటిని కూడా కుక్కలనే అంటారు. నేనైతే అనను. కాస్త ఎండ తగలగానే ఖర్జూరపు చెట్టు నీడకు పోయి నాలుక వేలాడేసుకుని పడుకునే వాటిని కుక్కలనడానికి నాకు నోరు రాదు. కుక్కలంటే మా శఫ్నత్ అత్త పెంచినవి. సన్నటి నడుములు, పొడుగాటి కాళ్ళు, వేలాడే చెవులు. రాతి మీద పరుగెడుతుంటే గోళ్ళ చప్పుడు కూడా వినపడేది కాదు. అవన్నీ పోయాయి, వాటిని పెంచిన మనిషీ పోయింది. ఇప్పుడు ఆ దొడ్డి పక్కగా వెళ్ళాల్సి వస్తే నేను చుట్టు తిరిగి పోతాను.

అత్త అంటే మా నాన్నకు అక్క. మొగుడు నజ్రాను వైపు యుద్ధంలో పోయాడు. అప్పటికి కొడుకు రబీబ్ ఇంకా పాలు మానలేదు. మళ్ళీ పెళ్ళి చేసుకోమని మా నాన్న ఎంత పోరినా వినలేదు. "కుక్కలకు చెబితే వింటాయి. మొగుళ్ళు వినరు" అనేది. జొన్న గంజిలో పులిసిన ఒంటెపాలు కలిపి వాటికి పోసేది. కొండకు పోయే ముందు రోజు ఒక్కొక్క దాన్నీ ఒళ్ళో పెట్టుకుని అరికాళ్ళకు నువ్వుల నూనె రాసేది. రబీబ్‌కు జ్వరం వస్తే కూడా అంత ఓపిగ్గా కూర్చునేది కాదని మా అమ్మ దెప్పేది. అది మాత్రం అబద్ధం. వాడంటే అత్తకు ప్రాణం. పదిమందిలో చూపించేది కాదు, అంతే.

ఇంకో పాడు అలవాటు ఉండేది అత్తకు. ఊళ్ళో ఎవరితో గొడవపడితే, ఆ తర్వాత పుట్టిన కుక్కపిల్లకు వాళ్ళ పేరు పెట్టేది. దొరగారి పెత్తందారు పేరు మీద ఒక గుడ్డి కుక్క ఉండేది. మా అమ్మ పేరుతో కూడా ఒకటి ఉండేది, అది తిండిపోతు. అన్నిటికంటే ఎక్కువ మొరిగే కుక్కకు వానదేవుడు అథ్తరు గుడి పూజారి లహయథత్ గారి పేరు. ఆయన గుడి మెట్లు దిగి వస్తుంటే, అత్త దొడ్డిలోంచి "లహయథత్, నోర్ముయ్!" అని కేక పెట్టేది. ఆయన ఉలిక్కిపడి నిలబడిపోయేవారు. మేం నీళ్ళ కుండలు నేలమీద పెట్టి మరీ నవ్వేవాళ్ళం.

వానలకు ముందు ప్రతి ఏడూ మగవాళ్ళంతా కొండమీదికి అథ్తరు వేటకు పోవాలి. కొండమేకను పట్టి, దాని కొమ్ములు గుళ్ళో పెడితేనే ఆ దేవుడు వాన కురిపిస్తాడు. వాన కురిస్తేనే వాగు పొంగి మా పొలాలకు నీళ్ళు. ఆ వేటకు నియమాలు చాలా ఉన్నాయి. ఉతికిన బట్టలే కట్టాలి, పెళ్ళాం పక్కన పడుకోకూడదు. కుక్కలు ఊరు దాటినప్పటినుంచి కొమ్ములు గుళ్ళోకి చేరేదాకా లోయలో పెద్దవాళ్ళెవరూ ఏడవకూడదు. ఆ రోజుల్లో ఎవరైనా చచ్చిపోతే మాట బయటికి రానిచ్చేవాళ్ళు కాదు. ఏడుపు వినపడితే అథ్తరు మబ్బును వెనక్కి తోలేస్తాడని మా భయం. అత్త ఊరి చివరిదాకా కుక్కల వెంట వెళ్ళి అక్కడ ఆగిపోయేది. "నా కుక్కలు పోవచ్చు, నేను పోకూడదు. బావుంది దేవుడి న్యాయం!" అని గొణుక్కుంటూ తిరిగొచ్చేది.

నాకు పెళ్ళయిన ఏడే హిమ్యరు వాళ్ళ మీద యుద్ధం వచ్చింది. మారిబ్ నుంచి రాజుగారి కబురు వచ్చింది. మా దొర ఈటె ఎత్తగలిగిన ప్రతి మగవాణ్ణీ వెంటబెట్టుకుని పోయాడు. మా ఆయన వెళ్ళాడు. రబీబ్ వెళ్ళాడు. రబీబ్‌తో చిన్నప్పటినుంచీ ఒకే పళ్ళెంలో తిన్న నషాకరిబ్ కూడా వెళ్ళాడు. మిగిలిన మేమంతా మారిబ్ వెళ్ళి, అవ్వాం గుళ్ళో అల్మకహ దేవుడికి మొక్కుకున్నాం. మావాళ్ళు క్షేమంగా వస్తే కంచుబొమ్మ చేయిస్తామన్నాం. అందరం ఒక్క ముక్కలో మొక్కుకుంటే, అత్త మాత్రం రబీబ్ కాళ్ళూ, చేతులూ, కళ్ళూ, చెవులూ విడివిడిగా పేరు పెట్టి అడిగింది. వెనక వరసలో వాళ్ళు విసుక్కున్నారు. "ఉండండమ్మా, తర్వాత ఆయన మాట దాటేయకుండా అన్నీ తేల్చుకోనీయండి" అంది.

వేట రోజులు వచ్చాయి. మగవాళ్ళు రాలేదు. పూజారిగారు మెట్లమీద నిలబడి, "దొరగారు వచ్చేదాకా ఆగుదాం. వేట ఆయన పేరుమీద జరగాలి" అన్నారు.

"ఆగితే ఏమవుతుందో గుడి గోడమీదే ఉందిగా" అంది అత్త.

ఆ గోడమీది కంచుపలక మా అందరికీ తెలుసు. మా తాతల కాలంలో యుద్ధం వచ్చిందని వేట వాయిదా వేశారు. ఆ ఏడు వాగులో తడి ఇసుక తప్ప ఏమీ రాలేదు. "యుద్ధానికి పోయి నీ వేట ఆపాం, నువ్వు నీళ్ళు ఆపావు, తప్పయింది, మన్నించు" అని ఊరంతా కలిసి రాయించి పెట్టుకున్న పలక అది. ఆ ఏడు మా నాయనమ్మ పిల్లల్ని చింకి చాపల్లో చుట్టి వాగొడ్డున పూడ్చారట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ ఎప్పుడూ మా ముఖాల వైపు చూసేది కాదు.

"మేం పోతాం వేటకి" అంది అత్త.

పూజారిగారు అదిరిపడ్డారు. "ఆడవాళ్ళా? వేట నియమాలు తెలుసా మీకు?"

"పెళ్ళాం పక్కన పడుకోకూడదు, అంతేగా? మా మొగుళ్ళంతా హిమ్యరు దేశంలో పడి ఉన్నారు. ఈ లోయలో ఇప్పుడు మాకంటే నియమంగా ఎవరున్నారు చెప్పండి!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన ముఖం ఎర్రబడింది. "వేళాకోళం కాదు శఫ్నత్. అథ్తరుకు కోపమొస్తే అది నీతో ఆగదు. నీ కొడుకు అక్కడ ఈటెల మధ్య ఉన్నాడు. ఆలోచించుకో."

అత్త ముఖంలో నవ్వు పోయింది. ఆ మాట ఆమెకు ఎంత లోతుగా దిగిందో అక్కడున్న ప్రతి తల్లికీ తెలిసింది.

"వాడి గురించే పోతున్నాను" అంది. "నీళ్ళు లేని ఊరికి తిరిగొచ్చి వాడేం చేస్తాడు? దుమ్ము తింటాడా?"

మర్నాడు తెల్లవారి బయల్దేరాం. ఉతికిన బట్టలు, వలలు, నాలుగు జొన్నరొట్టెలు, ఖర్జూరాల మూట. పూజారిగారు రానంటూనే వెనకాల వచ్చారు. దేవుడి ముందు నోరు జారకుండా మమ్మల్ని కాయడానికట. ఆయన పేరున్న కుక్క దారంతా మొరుగుతూనే ఉంది. అత్త దాన్ని పేరు పెట్టి తిట్టినప్పుడల్లా ఆయన ఆకాశం వైపు చూసేవారు. భయం భయంగా ఎక్కుతున్న మేము మెల్లమెల్లగా నవ్వడం మొదలుపెట్టాం. ఆ గాలి, ఆ రాళ్ళమీది అడవి తులసి వాసన, ముందు పోతున్న ఆ కుక్కల తోకలు. నా జీవితంలో అంత తేలిగ్గా నడిచిన రోజు ఇంకొకటి లేదు. ఎవరైనా నన్ను మళ్ళీ ఒక్కసారి ఎక్కడికి తీసుకెళ్ళమంటావని అడిగితే, ఆ ఎక్కుడుదారికే అంటాను.

మధ్యాహ్నానికి కిందనుంచి ఒక మనిషి ఎక్కి వస్తూ కనిపించాడు. నషాకరిబ్! యుద్ధం నుంచి వచ్చాడు. ఊళ్ళో ఆడవాళ్ళెవరూ లేకపోతే, ఇటు వచ్చామని ముసలివాళ్ళు చెప్పారట. గడ్డం మాసి, పెదాలు పగిలి, సగం అయిపోయి ఉన్నాడు. ఆడవాళ్ళంతా ఒక్కసారి లేచాం.

"అమ్మా, దొరగారు..." అని మొదలుపెట్టాడు.

"ఆగు!" అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "ఒక్క ముక్క మాట్లాడావంటే కుక్కల్ని వదులుతాను. దొరగారు ఏం చెప్పి పంపారో నాకు తెలీదు, తెలీకూడదు కూడా. వింటే కదా ఆజ్ఞ దాటినట్టు? కొమ్ములు గుళ్ళో పెట్టాక చెప్పు."

అతను నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఎందుకో తేలికపడ్డట్టు తల ఊపాడు.

"మావాళ్ళ గురించి అయినా అడగనీ అత్తా!" అని నేను ఏడుపు గొంతుతో అన్నాను.

"నోరు తెరిస్తే అన్నీ కలిసి బయటికొస్తాయి. ఏ ఒక్కరి సంగతీ వద్దు. అడగకుండా నేనుంటున్నానా లేదా?" అంది అత్త నన్ను కసిరి. తర్వాత అతని వైపు తిరిగి నవ్వింది. "అయినా వీడు బతికొచ్చాడంటే మావాడికేం? ఎంగిలి ముద్ద కూడా పంచుకు తిన్న దొంగలు. కూర్చోరా, తిను. మావాడు తిండి దగ్గర నీకేం మిగల్చినట్టు లేదు."

అతను కూర్చుని తిన్నాడు. అత్త తన రొట్టె కూడా తుంచి అతని చేతిలో పెట్టింది. ఆ సాయంత్రమంతా రబీబ్ మీద కథలు చెప్పింది. చిన్నప్పుడు కుక్కల తొట్టిలో గంజి తాగడం, పెత్తందారు కూతురికి కుక్కపిల్లను బహుమానంగా ఇస్తే ఆ పిల్ల జడుసుకుని వాగులో పడటం. మేం పొట్ట పట్టుకుని నవ్వాం. నషాకరిబ్ కూడా నవ్వాడు. కాస్త ఆలస్యంగా నవ్వేవాడు, దారి బడలికేమో అనుకున్నాం.

తెల్లారి కుక్కలు పెద్ద కొండమేకపోతును లేపాయి. కొమ్ములు వెనక్కి నడుందాకా వంగి ఉన్నాయి. కుక్కలు దాన్ని ఇరుకు కనుమలోకి తరిమాయి. ఆ కొసన వల పట్టుకుని మేం నిలబడ్డాం. అది వచ్చి తగిలినప్పుడు నా అరచేతుల చర్మం తాడుతోపాటు లేచిపోయింది. వదల్లేదు. పక్కనుంచి నషాకరిబ్ వచ్చి నా చేతుల మీదుగా తాడు పట్టుకున్నాడు. అత్త ఈటె తీసుకుని, అథ్తరు పేరు మూడుసార్లు చెప్పి, ఒక్క పోటు పొడిచింది. కుక్కలు పట్టిన వేట చివరికి ఎలా ముగుస్తుందో ఇన్నేళ్ళకు ఆమె కళ్ళారా చూసింది. కొండమేక మెడ నిమిరి, "కోపం తెచ్చుకోకు తండ్రీ" అని దానితో అంది.

ఆ ఏడు వాగు పొంగిన తీరు మా లోయలో ఇప్పటికీ చెప్పుకుంటారు. దొర మా మీద నిప్పులు కురిపించాలనే తిరిగొచ్చాడు గాని, చేలల్లో మోకాలి లోతు నీళ్ళు చూసి నోరు మూసుకున్నాడు. మా ఆయన కుంటుతూనైనా వచ్చాడు. కానీ నేను చెప్పాల్సింది ఆ నీళ్ళ గురించి కాదు.

ఆ రోజు పొద్దు వాలేవేళకు కొండ దిగాం. పూజారిగారే ముందు నడిచి గుడి తలుపు తీశారు. కొమ్ములు తీసుకుని అథ్తరు ముందు పెట్టి, సాంబ్రాణి వేసి, బయటికొచ్చి, "అయింది" అన్నారు. ఆయన గొంతులో కూడా గర్వం వినపడింది.

అత్త మెట్టుమీద చతికిలబడింది. "ఊఁ, ఇప్పుడు చెప్పు నాయనా. దొరగారి ఆజ్ఞ శ్రద్ధగా వింటాం."

నషాకరిబ్ గొంతు సవరించుకున్నాడు. "తాము వచ్చేదాకా వేట ఆపమన్నారు."

గుడి వాకిలంతా నవ్వులే. పూజారిగారు గోడకు ఆనుకుని మరీ నవ్వారు. అత్తకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి నవ్వి నవ్వి. "అయ్యో, కాస్త ముందు చెప్పకపోయావా! పోయి దొరగారికి చెప్పు, ఆజ్ఞ అందింది, ఈ క్షణం నుంచి ఆపేశామని!"

అందరం నవ్వుతున్నాం. నషాకరిబ్ మాత్రం కదల్లేదు.

"ఇంకేమిట్రా అలా నిలబడ్డావు? ఓహో, మావాడి సంగతా? చెప్పు. ఒళ్ళు చేశాడా, చిక్కాడా?"

అతను వచ్చి మెట్టు కింద కూలబడి ఆమె పాదాలు రెండూ పట్టుకున్నాడు. తల ఎత్తలేదు. నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

అత్త అతని వీపు వైపు చూసింది.

"ఎప్పుడు?"

"నెల పొడవక ముందే అమ్మా. కోట గోడ దగ్గర. నా పక్కనే."

"అంటే మేం కుక్కల్ని వదలకముందే."

"చాలా ముందు."

అత్త తల తిప్పి పూజారిగారి వైపు చూసింది. ఆయన తల దించుకున్నారు. కోపం లేదు ఆ చూపులో, తన వేట వల్ల వాడు పోలేదన్న ఆ ఒక్క సంగతి తేల్చుకోవాలంతే. తర్వాత చెయ్యి చాచి నషాకరిబ్ తలమీద పెట్టింది. దుమ్ము కొట్టుకున్న జుట్టు వేళ్ళతో విడదీసింది. మేమంతా ఆమె కేక కోసం చూస్తున్నాం.

"నా చేతి రొట్టె తిన్నావు" అంది మెల్లగా. "వాడిమీద నేను చెప్పిన ప్రతి కథకూ నవ్వావు. ఏడవకుండా వల కూడా పట్టావు. నా బిడ్డను ఇంతసేపు ఒక్కడివే ఎట్లా మోశావురా తండ్రీ?"

ముందు ఏడ్చింది అతనే. అతన్ని ఒళ్ళోకి లాక్కున్నాక అత్త కూడా ఏడ్చింది.